అక్షర గిన్నె

అక్షర పెదవులు వాచి నీలంగా మారడం మొదట చూసింది హోటల్ యజమాని హారిక.

క్యాంపస్ క్వార్టర్స్ నుంచి ప్రతి ఆదివారం వచ్చే కుటుంబమే. యూనివర్సిటీలో కెమిస్ట్రీ చెప్పే శైలజ, ఆమె మామ గట్టయ్య, ఐదేళ్ల కూతురు అక్షర. పాపకు నువ్వులు పడవు. తార్నాకలోని ఈ చిన్న గ్రీకు హోటల్లో శనగలు రుబ్బి చేసే హమ్మస్‌లో నువ్వుల ముద్ద కలుస్తుంది. అందుకని అక్షర కోసం హారిక నువ్వులు లేకుండా వేరే గిన్నెలో చేసి పెట్టేది.

"శనగలను గిట్ల ఖరాబ్ చేస్తవేందమ్మా? ఉడకబెట్టి గుడాలు చేస్తె ఎంత మంచిగుంటయ్" అని ఆ పూట కూడా గట్టయ్య వెక్కిరించాడు.

"ప్లేటు మాత్రం నాకేస్తావు తాతా" అంది హారిక.

తర్వాత శైలజ ఫోన్ మాట్లాడటానికి బయటికి వెళ్లింది. హారిక వేసిన కేక విని లోపలికి పరుగెత్తుకొచ్చింది.

"నువ్వులు కలిసినయా?" బ్యాగులో ఎప్పుడూ ఉండే అలర్జీ ఇంజెక్షన్ మీదే ఉంది శైలజ చెయ్యి.

"లేదు మేడమ్. నా చేత్తో నేనే రుబ్బినాను."

గట్టయ్య నోరు విప్పలేదు.

అయితే గొంతులో రొట్టె అడ్డం పడిందనుకున్నారు. పాపను వంచి వీపు మీద చరిచారు. ఒళ్లంతా దద్దుర్లు లేచాక గానీ శైలజ సూది గుచ్చలేదు. అప్పటికి పాప ఊపిరి ఆగిపోయింది.

ఆస్పత్రిలో డాక్టరు దాచలేదు. "గుండె మళ్లీ కొట్టుకుంటోంది. కానీ మెదడుకు చాలాసేపు ఆక్సిజన్ అందలేదమ్మా. కళ్లు తెరుస్తుందని చెప్పలేను. ఇది నువ్వుల వల్లే. ఇంజెక్షన్ ముందే పడి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు."

శైలజ హారిక వైపు తిరిగింది. "నమ్మి తీసుకొస్తే నా బిడ్డను చంపినవ్."

హారిక తల అడ్డంగా ఊపింది.

"బయల్దేరేముందు టేబుల్ చూసినాను మేడమ్. పాప గిన్నె ఎవరూ ముట్టలేదు. నిండుగా అట్లే ఉంది. పెద్దల ప్లేటులో రొట్టె తుంచి, హమ్మస్‌లో పిసికి, చిన్న చిన్న ముద్దలు చేసి పెట్టినవి ఇంకా మిగిలి ఉన్నాయి. మా హోటల్లో ఆ రొట్టెను ముద్దలు చేసుకుని తినేవాళ్లను నేను చూడలేదు. పిల్లలకు పెట్టే గోరుముద్దలు అవి."

శైలజ మామ కుడిచేతిని చూసింది. గోళ్ల సందుల్లో శనగ ముద్ద ఎండి ఉంది.

గట్టయ్య ఆ చేతిని దాచుకోలేదు.

"నేనే పెట్టిన బిడ్డా. నువ్వుల చేన్లు పండించి బతికినోళ్లం, మనింటి పిల్లకు నువ్వులు పడకపోవుడేంది అనుకున్న. కొంచెం కొంచెం పెడితె అలవాటైతదని, నువ్వు కాలేజీకి పోయినంక వేలుకంటిచ్చి నాకిస్తుంటి. ఏం గాలె. ఇయ్యాల కడుపునిండ పెట్టి, నువ్వొచ్చినంక చెప్పి నవ్వుదామనుకున్న. నువ్వడిగినప్పుడు నోట్లకెళ్లి మాట రాలె. మల్ల పిల్లను నా దగ్గర కూసోనియ్యవని భయపడ్డ. 'తాతా, గొంతు గీరుతున్నది' అన్నది. తినకుండ నఖరాలు చేస్తున్నదనుకోని ఇంకో ముద్ద పెట్టిన."