పొయ్యి కింద రాయి

ఈటె మొనగా కట్టే ఎముకకు రెండు వైపులా గాడి తీసి, ఆ గాడిలో సన్నటి రాతి పెచ్చులు వరసగా బంకతో అతికించడం నా పని. ఎముక ఉంది, బంక ఉంది, రాయే లేదు. ఈ మైదానంలో అడుగుపెట్టి రెండు చలికాలాలైంది. తొక్కడానికి మంచు తప్ప పనికొచ్చే రాయి ఒక్కటీ కనబడలేదు.

"ఇంకో పది రోజుల్లో దుప్పులు ఏరు దాటుతాయి వదినా," అన్నాడు నా మరిది కెర్గూ. నా భర్త పోయాక మా గుంపుకి వాడే పెద్ద. "ఉత్త ఎముకలతో వాటి వీపు గోకుతామా?"

"నన్నేం చెయ్యమంటావ్? నా పళ్లు ఊడబీకి అతికించనా?"

"పోయిన వేసవిలో, వెనక మకాంలో ఆఖరి మంచి రాయి పాతిపెట్టావుగా. అది తెచ్చుకుందాం."

మకాం ఎత్తేటప్పుడు పొయ్యి కింద ఒక నల్లరాయి పాతడం మావాళ్ల ఆచారం. వెనక వచ్చేవాళ్లు పొయ్యి తవ్వి తీసుకుంటారు. మా వెనక రావలసింది నా చెల్లెలు నూయ. నిండు నెలలతో నడవలేక ఆగిపోయింది. "బిడ్డ పుట్టగానే వచ్చేస్తానక్కా, నాకు రాళ్లు దాచిపెట్టు," అంది. ఏడు చలికాలాలుగా దాస్తూనే ఉన్నాను.

"అది నూయది," అన్నాను.

"నూయ రాదు వదినా. నీకు తప్ప అందరికీ తెలుసు."

"నోర్ముయ్."

నోరు మూసుకున్నాడు గానీ, మర్నాడు పొద్దున్నే నా తోలుజోళ్లు తెచ్చి ముందర పడేశాడు. పిల్లలు ఆకలికి పాత తోలుముక్కలు నములుతున్నారు. లేచాను.

రెండు రోజులు వెనక్కి నడిచాం. వచ్చిన దారినే మళ్లీ తొక్కడమంత విసుగు ఇంకోటి లేదు. మోకాళ్లు పీకేశాయి. దారి పొడవునా నేను కోరుకున్నదేమిటో కెర్గూకి చెప్పలేదు. రాయి లేకపోతే పిల్లలకి తిండి లేదు. ఉంటే నా చెల్లెలు రానట్టే. సిగ్గులేకుండా ఖాళీ గుంటనే కోరుకున్నాను.

కెర్గూ మంచు తోసి, పాత పొయ్యి మీద నిప్పు రాజేసి, నేల మెత్తబడ్డాక కొమ్ముతో తవ్వాడు. కుందేలు తోలులో చుట్టిన రాయి అక్కడే ఉంది. నేను వేసిన ముడి వేసినట్టే ఉంది.

కెర్గూ తల వంచుకుని గుంట పూడ్చాడు. ఎగతాళి చేసినా బాగుండేది.

చలికి బిగిసిన రాయిని కొడితే అడ్డదిడ్డంగా పగిలిపోతుంది. అందుకని దాన్ని ఒంటిమీది తోలు లోపల పొట్టకు ఆనించుకుని నడిచాను. ఏడుస్తూనే నడిచాను. ఆగి ఏడవడానికి కూడా ఓపిక లేదు.

ముప్పై పెచ్చులు వచ్చాయి, అయిదు ఈటెలయ్యాయి. దుప్పులు ఏట్లోకి దిగాయి, మావాళ్లు కొట్టారు. పిల్లలు మూతులనిండా కొవ్వు పూసుకుని నవ్వారు. నేనూ తిన్నాను.

మకాం ఎత్తే రోజున, బొటనవేలంత మిగిలిన రాయి పట్టుకుని పొయ్యి దగ్గర కూర్చున్నాను.

"దాంట్లోంచి ఇంకొక్క పెచ్చు కూడా రాదు వదినా. పట్టుకోవడానికే చోటు లేదు."

"నాకు రాదు. నూయ వేళ్లు సన్నం. తనకి ఇంకో రెండు వస్తాయి."

కెర్గూ నావంక చూశాడు. తర్వాత భుజం మీది మూట దించి, బూడిద పక్కకి తోసి తవ్వడం మొదలుపెట్టాడు.