చంకన బిందె

"ఇంట్లోకే పంపొచ్చింది. ఇంక నీకు వీధిలో ఏం పని?" అన్నాడు మీరావలి, కొత్త పంపు కింద చేతుల గ్రీజు కడుక్కుంటూ. కోపంగా అనలేదు, భార్యకేదో మేలు చేసిపెట్టినవాడిలా అన్నాడు. నుస్రత్ సబ్బు అందించింది.

ఆ పంపు ఆయన తెచ్చింది కాదు. ఆటోనగర్ షెడ్లలో పనిచేసేవాళ్ల కాలనీ అది. ఇళ్లన్నిటికీ వీధి చివర ఒకే పంపుండేది. సారా దుకాణం మూయించిన రోజుల నుంచీ ఆడవాళ్లను కూడగట్టడం పక్కింటి మార్తకు అలవాటు. నీళ్ల కోసం కూడా ఆవిడే సంఘం పెట్టింది. ఖాళీ బిందెలతో మున్సిపల్ ఆఫీసు మెట్ల మీద కూర్చున్నప్పుడు నుస్రత్ కూడా కూర్చుంది, ఆఫీసరు అడిగినవాటికి తడబడకుండా జవాబులు చెప్పింది. ఇంట్లో మాత్రం నీళ్లకెళ్తున్నానని చెప్పింది. అదేమంత అబద్ధం కాదులే అని నవ్వుకుంది కూడా. మీటింగులన్నిటికీ అలాగే వెళ్లింది, చంకన బిందె పెట్టుకుని. బిందె ఉంటే ఎవరూ ఆపరు. పని లేకుండా గడప దాటిన ఆడదాన్నే ఎక్కడికని అడుగుతారు.

పంపు వచ్చాక నడుం నొప్పి తగ్గింది. పిల్లకు విరేచనాలు పట్టుకోవడం మానింది. ఆ సుఖాన్ని నుస్రత్ ఎలా కాదంటుంది? కానీ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అవే నాలుగు గోడలు. తను కొట్లాడి తెచ్చుకున్న పంపే తనను ఇంట్లో కూర్చోబెట్టిందని తలచుకుంటే ఒళ్లు మండేది. "ఈ నీళ్లకి పప్పు ఉడకట్లేదండీ" అని కొన్నాళ్లు వీధి పంపుకే వెళ్లింది. నీళ్లు రెండిట్లోనూ ఒకటే. ఇంజను మోతలో పిసరంత తేడా వచ్చినా పట్టేసే మీరావలి, ఆ పప్పు తిని, "ఔను, ఇవాళ మెత్తగా ఉడికింది" అన్నాడు.

ఇంటింటికీ ఇచ్చేశాం కదా అని మున్సిపాలిటీవాళ్లు వీధి పంపు కూడా పీకేశారు.

ఇప్పుడు మురుగు సమస్య వచ్చిపడింది. పంపులు పెరిగాయి కానీ వాడిన నీళ్లు పోయే కాలవ లేదు. షెడ్ల నూనె, ఇళ్ల మురుగు కలిసి గుమ్మాల ముందే నిలిచి కంపు కొడుతున్నాయి. మార్త పెరటి గోడ మీదుగా కబురు చెప్పింది. "సాయంత్రం మా అరుగు మీదకి ఇంజనీరుగారు వస్తున్నారు. నువ్వు లేకపోతే మా మాట సాగదే."

సాయంత్రం నుస్రత్ అలవాటుగా బిందె చంకనెత్తుకుంది. మంచం మీద బియ్యం ఏరుతున్న అత్త ఖాసింబీ తల ఎత్తలేదు.

"పంపు పీకేశారుగా. ఎక్కడి నీళ్లే?"

నుస్రత్ గుమ్మంలోనే ఆగిపోయింది. ఖాసింబీ ఒక వడ్లగింజ ఏరి పారేసి, మెల్లగా అంది. "మా రోజుల్లో నేనూ బిందెతో ఊరి కాలవకి పోయేదాన్ని. నీళ్లకనే చెప్పేదాన్ని."

అత్త మొహంలో నవ్వు లేదు, నిష్ఠూరమూ లేదు. ఎన్నేళ్లుగా ఈ బిందె ఆడవాళ్ల చంకలు మారుతోందో అనుకుంది నుస్రత్. బిందె గోడవార దించింది. తల మీద కొంగు సర్దుకుంది. చేతులు ఖాళీగా ఉంటే ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"వాడొచ్చి అడిగితే ఏమని చెప్పనే?"

"మీటింగుకెళ్లిందని చెప్పత్తా. నీళ్లకని మాత్రం చెప్పకు."