ఒక విద్యార్థికి ఒకే నంబరు

దియాబ్‌ది పెద్ద చెయ్యి అని ఊరంతా చెప్పుకునేది. ఒప్పుకోనిది అతని భార్య వద్హా ఒక్కతే. "నీ వాన ఎప్పుడూ పక్కవాడి చేలోనే కురుస్తుంది" అనేది. ఆమె పోయి ఇది రెండో చలికాలం. ఇప్పుడు అతనికి ఎదురు చెప్పేవాళ్ళు లేరు. దాంతో ఇంకా చెడ్డాడు.

కూతురు నౌఫ్‌కు పట్నంలో, ఇర్బిద్ యూనివర్సిటీలో ఆఖరి ఏడు. పోయేముందు వద్హా ఎండు పెరుగు ఉండలు అమ్మి, ఆ పిల్ల కంప్యూటరుకు టైపు చేసుకునే సాఫ్ట్‌వేర్ కొనిపెట్టింది. విద్యార్థులకు సగంలో సగం ధరకు ఇస్తారు. దాన్ని తెరవడానికి ఒక నంబరు ఇస్తారు. షరతు ఒక్కటే. ఒక విద్యార్థికి ఒకే నంబరు, రెండో మనిషికి ఇవ్వకూడదు.

వంశపెద్ద అబూ రాకాన్ అతిథిగదిలో మగవాళ్ళంతా కూర్చున్న ఒక సాయంత్రం, ఆయన కొడుకు రాకాన్ విసుక్కున్నాడు. "బజారులో కొన్న దొంగ కాపీ మళ్ళీ మొరాయించింది. సగం పేజీ కొట్టగానే చచ్చింది."

"మా ఇంట్లో అసలుది పెట్టుకుని నువ్వు బజారుకెళ్తావేంట్రా?" అన్నాడు దియాబ్. జేబులోంచి ఫోన్ తీశాడు. నౌఫ్ ఆ నంబరు ఎక్కడ పోతుందోనని ఫొటో తీసి తండ్రి దగ్గర కూడా ఉంచింది. "రాసుకో."

"ఎంతివ్వమంటావు బాబాయ్?"

"నోరు కడుక్కో! నీ దగ్గర డబ్బు తీసుకుంటానా?"

పక్కనున్నవాళ్ళు నవ్వారు. "మరి మాకు లేదా? మేమేం పాపం చేశాం, అబూ నౌఫ్?" అన్నాడొకడు. నౌఫ్ తండ్రి అని దియాబ్‌ను అందరూ అలాగే పిలిచేవారు. దియాబ్ గొంతు పెంచి నంబరు మళ్ళీ చదివాడు. గదిలో అందరికీ కాఫీ పోసినట్టే పోశాడు.

నెల తిరక్కముందే నౌఫ్‌ను యూనివర్సిటీకి పిలిచారు. ఆమె నంబరు ఊళ్ళో ఎన్నో కంప్యూటర్లలో నడుస్తోందట. చవగ్గా కొని అమ్ముకుందని నేరం మోపారు. ఆదివారం విచారణ. రుజువైతే ఏడాది బహిష్కరణ. ఎంఏలో ఆమె కోసం అట్టేపెట్టిన సీటు ఇంకొకరికి పోతుంది.

నౌఫ్ ఏడవలేదు. "ఎవరికిచ్చావు నాన్నా?" అని మాత్రం అడిగింది.

"అడిగినవాళ్ళకి."

"అయితే వాళ్ళలో ఒక్కరు వచ్చి, ఊరికే ఇచ్చాడు, డబ్బు తీసుకోలేదు అని చెబితే చాలట. నీ మాట చెల్లదు, నువ్వు తండ్రివి. రాకాన్‌ని అడుగు."

"అడుగుతాలే."

"తప్పకుండా?"

"అడుగుతానన్నాగా!"

శుక్రవారం నమాజు తర్వాత అబూ రాకాన్ ఇంటికి వెళ్ళాడు. చిన్న గిన్నెలో కాఫీ ఇచ్చారు. దియాబ్ తాగకుండా గిన్నెను ముందు నేలమీద పెట్టాడు. ఆ ఊళ్ళో దానికి అర్థం అందరికీ తెలుసు. కోరిక ఉంది, తీరుస్తామంటేనే తాగుతాను.

"కాఫీ తాగు, అబూ నౌఫ్. నీ పని అయిపోయిందనుకో" అన్నాడు అబూ రాకాన్. "ఏం కావాలో చెప్పు."

దియాబ్ నోరు తెరిచాడు. అంతలో రాకాన్ అందుకున్నాడు. "నాన్నా, ఈయన ఏమడిగినా ఇచ్చేయి. ఈయనిచ్చిన దానితోనే నా ఉద్యోగం అర్జీ రాసుకున్నాను. ఈ కాలంలో ఇలా ఇచ్చే చెయ్యేది?"

"అడిగిందల్లా ఇచ్చేసిన ఆ హాతిం తాయి మనవడే!" అన్నాడు మూలనున్న ముసలాయన.

అందరూ తన వైపే చూస్తున్నారు. ఇచ్చింది తప్పని ఇప్పుడు చెప్పాలి. ఇంట్లో అన్నం పెట్టి, తిన్నవాణ్ణి సాక్ష్యానికి లాక్కెళ్ళినట్టే. వద్హా అయితే వంటింటి దారిన వెళ్ళి, రాకాన్ తల్లి చెవిలో రెండు ముక్కలు వేసి, చిటికెలో పని చక్కబెట్టేది. ఆ దారి అతనికి తెలియదు. తెలుసుకోవాలని ఎన్నడూ అనుకోలేదు.

"ఆలివ్ తోట గోడ పడిపోయింది" అన్నాడు దియాబ్. "రాళ్ళు మోయడానికి మనుషులు కావాలి."

"ఇంతేనా! దీనికి గిన్నె కింద పెట్టాలా?" అబూ రాకాన్ పగలబడి నవ్వాడు.

దియాబ్ కాఫీ తాగాడు. చల్లారిపోయి ఉంది.

"వస్తానన్నాడా?" అంది నౌఫ్ గుమ్మంలోనే.

"చూద్దాం అన్నాడు."

ఆదివారం పొద్దున ఆమె రాకాన్ కోసం బస్సు దగ్గర చివరిదాకా చూసి, ఒక్కతే ఎక్కింది. ఆమె విచారణ గదిలో నిలబడిన వేళకు అబూ రాకాన్ పంపిన కుర్రాళ్ళు దియాబ్ తోటలో దిగారు. రాకానూ వచ్చాడు. చొక్కా విప్పి అందరికంటే ఎక్కువ రాళ్ళు మోశాడు. అడగవలసినవాడు పక్కనే ఉన్నాడు. దియాబ్ అతనికి టీ అందించాడు, రొట్టె అందించాడు, మాట అందించలేకపోయాడు.

సాయంత్రం నౌఫ్ తోట దారినే నడిచి వచ్చింది. ఏడాది వేటు. సీటు అజ్లూన్ ఊరి అమ్మాయికి ఇచ్చేశారట. రాకాన్ ఇంకా అక్కడే చేతులు కడుక్కుంటున్నాడు. "ఏం చెల్లీ, పరీక్షలెప్పుడు?" అని నవ్వుతూ పలకరించాడు. అతని మొహంలో ఏ దాపరికమూ లేదు.

నౌఫ్ అతన్ని చూసింది. తర్వాత తండ్రిని చూసింది. ఎవరికి ఏమి తెలుసో, ఎవరికి ఏమి తెలియదో ఆమెకు అర్థమైంది.

"గోడ బాగా కట్టారు నాన్నా" అని లోపలికి వెళ్ళింది.