పాలగుట్ట హద్దురాళ్లు

రెండు వేల ఇరవై నాలుగో సంవత్సరం, వానాకాలం. ఆషాఢం సగం పోయినా సరైన వాన లేదు. శంషాబాద్ నుంచి ఆరు కిలోమీటర్లు లోపలికి ఉండే పాలగుట్టలో చామంతి నాటినవాళ్లంతా బోరు నీళ్లతో నెట్టుకొస్తున్నారు.

పొద్దున ఏడింటికి సత్తయ్య చాయ్ హోటల్ ముందు పదిమంది చేరేవారు. మూడు నాలుగు నెలలకొకసారి అక్కడికి ఎమ్మెల్యే లేఖ వచ్చేది. నున్నటి కాగితం, నాలుగు పేజీలు, రంగుల ఫొటోలు. పైన "మీ జగదీశ్ మీకు రాసే లేఖ" అని అచ్చు. అసెంబ్లీలో ఏం మాట్లాడాడు, పింఛన్లు ఎందుకు ఆగాయి, ఏ రోడ్డుకు టెండరు అయింది, అన్నీ అందులో ఉండేవి. దాన్ని అందరికీ వినిపించేలా చదివేది జంగయ్య. డెబ్బై రెండేళ్ల మనిషి. ఆయన తాత, తండ్రి ఊరి కావలికార్లు. ఆ కొలువును సర్కారు ఎప్పుడో తీసేసింది కానీ ఊరు తీసెయ్యలేదు.

"రేషన్ కార్డుల పరిశీలన తుది దశలో ఉన్నది," అని చదివాడు జంగయ్య.

"పోయిన లేఖల గూడ తుది దశలనే ఉండె గద," అన్నాడు బర్లు కాసే కుర్మయ్య. "గా దశ ఎన్నేండ్లుంటదే?"

"నీ పెండ్లి లెక్క. ముప్పై ఏండ్ల సంది తుది దశలనే ఉన్నది," అన్నాడు సత్తయ్య చాయ్ వడపోస్తూ.

అందరూ నవ్వారు. జంగయ్య నవ్వలేదు. చదివేటప్పుడు ఆయన నవ్వేవాడు కాదు. అచ్చులో ఉన్నదంటే ఆయనకు అది ఆఫీసు మాట. పట్టా పాసుబుక్కు అచ్చు. ఓటరు కార్డు అచ్చు. భార్య పోయినప్పుడు పంచాయతీ ఇచ్చిన కాగితం అచ్చు. నోటి మాటను మనిషి ఎటైనా తిప్పుతాడు, అచ్చేసినదాన్ని తిప్పలేడు అని ఆయన నమ్మకం. పాలగుట్టలో సగం మందిది అదే నమ్మకం.

"మూడో పేజీ చదువు అన్నా. మన ఊరి ఫొటో ఉన్నది," అన్నాడు సత్తయ్య.

ఆ పేజీ కోసమే అందరూ వచ్చారు. ఎండాకాలంలో సర్వేవాళ్లు మూడుసార్లు వచ్చిపోయారు. గట్ల మీది పాత హద్దురాళ్లు పీకి, పసుపు రంగు పూసి, గుట్ట కింద తాడు పట్టి కొత్త వరుసలో పాతారు. మూడుసార్లూ రాళ్లు తిరిగొచ్చాయి. పాలగుట్ట రాళ్లు అంతే. తమది కాని చోట పాతితే పొద్దుగూకే వేళకు లేచి, కుర్మయ్య బర్ల వెనక నడుచుకుంటూ వచ్చి, తమ తమ పాత గుంతల్లో నిలబడతాయి. అవి రోడ్డు దాటుతుంటే ఎయిర్‌పోర్టుకు పోయే క్యాబులు ఆగేవి. ఎవరైనా హారన్ కొడితే కుర్మయ్య, "జర ఆగరాదే, ముసలి రాళ్లు," అని కసిరేవాడు. సర్వేయరు తన రిపోర్టులో "రాళ్లు నిలువలేదు, మళ్లీ రావలెను" అని రాసుకొని పోయేవాడు. రాళ్లు నిలవకపోతే నక్షా లేదు. నక్షా లేకపోతే ఫైలు కదలదు.

రాయి కొత్త చోట నిలవాలంటే ఒకటే పద్ధతి. ఇరువైపుల వాళ్లూ ఒప్పుకున్నాక కావలికారు గుంతలో గుప్పెడు బొగ్గులు, గుప్పెడు ఊక వేసి, రాయి నిలబెట్టి, చెంబెడు నీళ్లు పోసి, "ఇగ ఇదే నీ జాగ," అని చెప్పాలి. అన్నదమ్ములు పంచుకున్నప్పుడో, వాగు ఒడ్డు కోసుకుపోయినప్పుడో తప్ప ఆ మాట అవసరం పడేది కాదు. జంగయ్య తన బతుకులో నాలుగుసార్లు చెప్పాడు. ఆయనకు మాత్రం గుంట భూమి లేదు.

కొత్త వరుస లోపల ముప్పై ఆరు ఇళ్ల భూమి పడింది. జంగయ్య చెల్లెలు రుక్కమ్మ రెండెకరాలు అందులోవే. మొగుడు చనిపోయిన ఏడాది నుంచి ఆ చామంతే ఆమెకు అన్నీ. మూటలు ఆటోలో వేసుకొని గుడిమల్కాపూర్ మార్కెట్‌కు తనే పోయేది. బేరంలో దళారులను ఏడిపించి వచ్చేది.

జంగయ్య మూడో పేజీ తిప్పాడు. "పాలగుట్టలో జరుగుతున్న సర్వే రోడ్డు వెడల్పు కొరకు మాత్రమే. ఏ రైతుదీ ఒక్క గుంట కూడా పోదు. ఈ విషయాన్ని నేను సభలో లేవనెత్తి హామీ తీసుకున్నాను. ప్రజలు సర్వేకు సహకరించగలరు."

ఆయన ఆ వాక్యం కింద వేలు పెట్టి అందరికీ చూపించాడు. "ఒక్క గుంట గూడ పోదని అచ్చేసిండు."

నాలుగు రోజులకు జగదీశ్ తనే జంగయ్య ఇంటికి వచ్చాడు. ఆయన సర్పంచుగా ఉన్నప్పటి నుంచి జంగయ్యను బాపు అనే పిలిచేవాడు. మొదటి ఎన్నికల్లో జంగయ్య చెప్పులు అరిగేలా ఆయన వెంట ఊరూరూ తిరిగాడు. ఎమ్మెల్యే వచ్చి నులక మంచం మీద కూర్చొని మంచినీళ్లు అడిగాడు.

"బాపు, నువ్వు ఒక్క మాట చెప్తే రాళ్లు నిలుస్తయంట. రోడ్డు పని ఆగింది. బస్సు లేక కాలేజీ పిల్లలు పరేషాన్ అయితున్నరు."

"రోడ్డుకైతే గుట్ట కింద తాడెందుకు వట్టిండ్రు?"

"అది కొలతల కోసం. నా మాట మీద నమ్మకం లేకుంటే లేఖ సూడు. అచ్చుల అబద్ధం రాస్తనా?"

గడప దగ్గర నిలబడ్డ రుక్కమ్మ కొంగు నడుముకు చుట్టుకుంది. "అన్నా, కాగితం పక్కకు వెట్టు. రాళ్లు మూడుసార్లు నడిచొచ్చినయి. వాటికి తెల్వనిది ఈయనకు తెలుసా?"

"రాళ్లకు అచ్చు చదవొస్తదా?" అన్నాడు జంగయ్య.

"రాదు. గందుకే మోసపోతలేవు."

"అక్కా, నీ నోటికి అసెంబ్లీల సీటియ్యాలె," అని జగదీశ్ నవ్వాడు. జంగయ్య అప్పటికే తల ఊపాడు. ఊపిన తలను మళ్లీ అడ్డంగా తిప్పడం ఆయనకు రాదు.

రుక్కమ్మ తప్ప మిగతా ఇళ్ల వాళ్లు అచ్చును నమ్మి సరేనన్నారు. మర్నాడు పొద్దున సర్వేవాళ్లు నాలుగోసారి రాళ్లు పీకి కొత్త వరుసలో గుంతలు తీశారు. మొత్తం ఇరవై రెండు రాళ్లు. జంగయ్య ఒక్కొక్క గుంతలో బొగ్గులు, ఊక వేశాడు, నీళ్లు పోశాడు, మాట చెప్పాడు. ఎమ్మెల్యే మనిషి ఒకడు సెల్‌ఫోన్‌తో ఫొటోలు తీశాడు. చివరిది రుక్కమ్మ తోట ఈశాన్యం మూల రాయి. నీళ్లు పోసినా అది ఊరి వైపు ఒరిగే ఉంది. జంగయ్య దాని మీద చెయ్యి వేసి, "నేను చెప్తున్న గద," అన్నాడు. రాయి మెల్లగా నిటారుగా నిలబడింది.

ఆ సాయంత్రం బర్లు మాత్రమే ఇంటికి వచ్చాయి.

కార్తీకంలో, చామంతి తోటలు పసుపు పచ్చగా విచ్చుకున్న వారంలో, తరువాతి లేఖ వచ్చింది. సత్తయ్య హోటల్ ముందు ఆ రోజు రుక్కమ్మ కూడా ఉంది, మార్కెట్‌కు పోయే ఆటో కోసం మూట పక్కన పెట్టుకొని. జంగయ్య మొదటి పేజీ చదివాడు. కరెంటు సంగతి, పింఛన్ల సంగతి. రేషన్ కార్డులు ఇంకా తుది దశలోనే ఉన్నాయి. రెండో పేజీ తిప్పి ఆగిపోయాడు.

"ఏంది, అద్దాలు మర్సినవా?" అన్నాడు కుర్మయ్య.

ఆ పేజీని వదిలేసి మూడోదానికి పోవచ్చు. అక్కడ చదవడం వచ్చినవాళ్లు ఎవరూ తొంగి చూడడం లేదు. కానీ ఆయన చదివాడు.

"నియోజకవర్గ ప్రగతిలో మరో మైలురాయి. పాలగుట్టలో గోదాముల పార్కు కొరకు నూట నలభై ఎకరాల సర్వే విజయవంతంగా పూర్తయినది. భూసేకరణకు ప్రభుత్వం ఆమోదం తెలిపినది. స్వచ్ఛందంగా సహకరించిన గ్రామ ప్రజలకు, ముఖ్యంగా తన చేతులతో హద్దులు నిలిపిన పెద్దలు శ్రీ జంగయ్య గారికి నా ప్రత్యేక కృతజ్ఞతలు."

కింద ఫొటో ఉంది. చెంబుతో రాయికి నీళ్లు పోస్తున్న జంగయ్య.

సత్తయ్య పొయ్యి మంట తగ్గించాడు. ఆటో వచ్చింది. రుక్కమ్మ మూట ఎత్తి అందులో పెట్టి, తను ఎక్కే ముందు అన్న వైపు తిరిగింది. "ఫొటోల మంచిగ వడ్డవే," అంది. ఆటో పోయింది.

జంగయ్య ఆ రోజే ఎమ్మెల్యే ఆఫీసుకు పోయాడు. మధ్యాహ్నం దాకా బయట కూర్చున్నాక లోపలికి పిలిచారు.

"రాసిన రోజు అది నిజమే బాపు," అన్నాడు జగదీశ్. ఫోను చూస్తూనే మాట్లాడాడు. "తర్వాత పైన మారింది. నేనేం జెయ్యాలె? పరిహారం మంచిగనే ఇప్పిస్త. అయినా నీకు భూమే లేదు గద, నువ్వెందుకు గింత పరేషాన్?"

"నాకు భూమి లేదు బిడ్డా. గా మాటొక్కటే ఉండె," అని జంగయ్య లేచి వచ్చేశాడు.

అక్కడి నుంచి నేరుగా గుట్ట కిందికి పోయాడు. ఎండ ఇంకా ఉంది. మొదటి రాయి ముందు నిలబడి, "లే. నేను చెప్పింది అబద్ధం. ఇది నీ జాగ కాదు," అన్నాడు. రాయి కదల్లేదు. రెండోదానికి చెప్పాడు. ఇరవై రెండింటికీ చెప్పాడు. తిట్టాడు, బతిమాలాడు. కుర్మయ్య బర్లను తోలుకొచ్చి ఆ వరుస పక్క నుంచే నడిపించాడు, వాటిని చూసైనా లేస్తాయేమోనని. లేవలేదు. జంగయ్య గడ్డపార తెచ్చి ఈశాన్యం మూల రాయి మొదట్లో తవ్వాడు. మూరెడు లోతు పోయాక కింద తను వేసిన బొగ్గులు కనిపించాయి. రాయి మాత్రం వేళ్లు తన్నినట్టు అట్లాగే ఉంది.

కావలికారు మాట ఇస్తే నిలవడమే ఆ రాళ్లకు తెలుసు. ఇచ్చిన మాటను వెనక్కి తీసుకునే కావలికారును అవి ఎన్నడూ చూడలేదు.

జంగయ్య తవ్విన గుంతను మళ్లీ కాలితో పూడ్చాడు. "వాటి తప్పేం లేదన్నా," అన్నాడు కుర్మయ్య.

"నాకెరుకే," అన్నాడు జంగయ్య.

ఫిబ్రవరిలో నక్షా ఖరారైంది. పాలగుట్టలో ముప్పై ఆరు ఇళ్ల వాళ్ల భూమి పోయింది. అందులో రుక్కమ్మవి రెండెకరాలు. ఆమె ఇప్పుడు కాటేదాన్‌లో ఒక కార్ఖానాలో అట్టపెట్టెలు అతికిస్తున్నది. అన్నతో మాట్లాడదు.