వీరాస్వామి ఊదిన రోమను బాకా

వీరాస్వామికి ఆదివారమంటే మూడు పనులు. పని చేసే తువాస్‌లో బస్సెక్కి లిటిల్ ఇండియాలో దిగడం, క్షవరం చేయించుకోవడం, సెరంగూన్ రోడ్డు మెస్సులో కడుపారా అన్నం తినడం. ఓడల యార్డులో పైపు ఫిట్టరు మరి. ఆరు రోజులూ ఇనుముతో కుస్తీ పట్టేవాడికి ఏడో రోజు పప్పుచారు దొరికితే అదే పండగ.

ఈ మధ్య నాలుగో పని ఒకటి తోడయింది, రజితని చూడటం. ఆ పిల్ల సాఫ్ట్‌వేరు. ఎవర్ని కదిపినా కంప్యూటరు, రెండువేల సంవత్సరం గండం అని ఊదరగొట్టే రోజులవి. వాళ్ళ కంపెనీ పాతకాలపు రోమను వాద్యాల మీద సీడీ చేస్తోంది. బొమ్మ నొక్కితే మోత వినబడాలి. జంట పిల్లనగ్రోవి దొరికింది, తాళాలు దొరికాయి. సిపాయిలు ఒంటికి చుట్టుకుని ఊదే కోర్ను అనే వంపు బాకా మాత్రం ఎక్కడా దొరకలేదు. మెస్సులో పక్క బల్ల మీద రజిత ముందున్న ఆ బొమ్మ చూసి వీరాస్వామి ఆగలేకపోయాడు.

"ఇదేటండీ, అమ్మోరి పండగలో మా అయ్య ఊదే కొమ్ముబూర లాగుంది! ఇత్తడి గొట్టం ఉంటే నాను వంచేస్తాను."

అన్నట్టే వంచాడు. ఆపైన నీళ్ళు నింపి, రెండు వైపులా బిగించి, లీకులున్నాయేమో అని గంటసేపు ప్రెషరు పెట్టాడు.

ఆ సంగతి చెబితే రజిత పడీ పడీ నవ్వింది. "ఊదే బాకాకి నీళ్ళ టెస్టేంటండీ బాబూ!"

"టెస్టు చెయ్యని పైపు మా యార్డు గేటు దాటదండి."

పనివాళ్ళుండే డార్మిటరీలో మొదటిసారి ఊదినప్పుడే దాని గుణం తెలిసింది. విన్నవాళ్ళ కాళ్ళు ఎక్కడ ఉండాలో అక్కడికి వాటంతటవే నడుస్తాయి. పేకాటలో మునిగిన సాంబశివరావు లేచి, తన వంతు గిన్నెలు తోమడానికి పోయాడు. మూణ్ణెల్లుగా ఇంటికి ఫోన్ చెయ్యని బాబ్జీ తిన్నగా ఫోన్ బూత్‌లో తేలాడు. ఎవరూ వింతపోలేదు. సూపర్‌వైజరైతే, రోజూ లారీ ఎక్కే వేళకి ఓసారి ఊదమన్నాడు.

ఇంతలో వచ్చిపడింది చిక్కు. బుకిట్ బటోక్‌లో రజిత వాళ్ళ పిన్ని లలితకుమారి ఫ్లాట్ కిందే ఓ ఆదివారం బాకా రికార్డింగ్ పెట్టుకున్నారు. సరిగ్గా ఆ ఆదివారమే, అక్కడే పృథ్వీ అనే డేటాబేస్ ఇంజనీరుతో రజితకి తాంబూలాలు! పాపం, వీరాస్వామికి ముద్ద దిగలేదు. మనసులో మాట నాలుగు నెలలుగా నోటిదాకా వచ్చి వెనక్కి పోతూనే ఉంది. ఇప్పుడు ఊదకపోతే ఆ పిల్ల పని చెడుతుంది. ఊదితే, తన కళ్ళముందే ఆమె కాళ్ళు పృథ్వీ పక్కకి నడుస్తాయేమో.

ఆదివారం రానే వచ్చింది. బ్లాకు కింద కుర్చీలు వేసి పెళ్ళివారూ ఇరుగుపొరుగూ అందరూ కూర్చున్నారు.

"ఊదు నాయనా, శుభమా అని మేళం ఉన్నట్టుంటుంది," అంది లలితకుమారి.

రజిత మైకు పట్టుకుంది. వీరాస్వామి గట్టిగా కళ్ళు మూసుకుని, అయ్యని తలుచుకుని ఊదాడు. బ్లాకు పన్నెండంతస్తులూ మోగిపోయాయి.

పృథ్వీ లేచాడు. "సారీ ఆంటీ, ఆఫీసులో సర్వర్!" అంటూనే రైలు స్టేషన్ దారి పట్టాడు. ఆ గొంతులో ఎంత హాయో! వాళ్ళ నాన్న మార్నింగ్ వాక్ బాకీ పార్కులో తీర్చుకోవడానికి బయల్దేరాడు, వెనకే వాళ్ళమ్మ. లలితకుమారి లిఫ్టులో పైకి పోయింది, పాయసం అడుగంటుతోందట. బారులు తీరి చుట్టుపక్కల వాళ్ళూ కదిలారు. చెప్పుల చప్పుడు దూరమై, దూరమై ఆగిపోయింది.

ఆమె కూడా పోయే ఉంటుందనుకున్నాడు వీరాస్వామి. కళ్ళు తెరిచాడు. ఖాళీ కుర్చీల మధ్య, మైకు పట్టుకుని రజిత అక్కడే నిలబడి ఉంది. అడుగు కూడా కదల్లేదు.

"మీరు... ఎల్లలేదేటండీ?"

రజిత తన కాళ్ళకేసి చూసుకుంది. తర్వాత అతనికేసి.

"ఎక్కడికి? వచ్చేశానుగా."