ఇరవై రెండు అక్షరాల అడ్డు

ఉప్పు లేని కూర మా అత్తగారికి, కారం లేనిది అమ్మాయికి, అన్నీ సరిపోయినది మా ఆయనకి. ముగ్గురివీ డబ్బాల్లో సర్దాక మూకుడుకి అంటుకున్నది నాకు. మా అత్తగారి గుండె బలహీనపడి రెండేళ్ళయింది. ఉప్పు మానమన్నది డాక్టరు, కానీ ఆవిడ లెక్కలో మాన్పించింది నేను. "గుండె మీద అంత చదువు చదివావు, నా గుండెకి నువ్వు చేసింది ఈ చప్పిడి కూరా?" అంటుంది. కోపంగా కాదు, పక్కింటావిడకి వినపడేలా. నేను నవ్వేసి, ఆవిడ మాత్రలు పూటపూటకీ డబ్బీలో వేసి, తొమ్మిదింటికల్లా ల్యాబ్‌లో ఉంటాను. అక్కడ ఎలుకల గుండెలు నూరతాను. ఇంట్లో మిక్సీ ఉంది గానీ ఇంత పెద్ద సంస్థలో ఇంకా కల్వమే. గడ్డకట్టించిన గుండె ముక్క మీద పొగలు కక్కే ద్రవ నత్రజని పోస్తూ మెత్తగా పొడి చెయ్యాలి. చేతులకి రెండు జతల తొడుగులు ఉండాలి. నాకు కావలసిన ఆర్‌ఎన్‌ఏని పాడుచెయ్యడానికి మనిషి వేలి చెమట చాలు.

పదకొండేళ్ళుగా నేను వెంటపడుతున్నది ఒక చిన్న ఆర్‌ఎన్‌ఏ. జన్యు భాషలో ఇరవై రెండు అక్షరాల ముక్క. గుండె సెలవంటూ ఎరగని పనిమనిషి. ఆ పనికి కావలసిన శక్తిలో ఎక్కువ భాగం కొవ్వును కాల్చుకుని తెచ్చుకుంటుంది. కొవ్వును కాల్చే సరంజామా తయారవ్వాలంటే జన్యువు నుంచి ఒక సందేశం బయటికి రావాలి, కణం దాన్ని చదవాలి. నా చిన్న ఆర్‌ఎన్‌ఏ వెళ్ళి ఆ సందేశానికి అతుక్కుంటుంది. జన్యువు జోలికి పోదు, దేనితోనూ తగువు పెట్టుకోదు. ఊరికే అతుక్కుంటుంది, ఆ సందేశం ఇక ఎవరికీ అందదు. జబ్బుపడ్డ గుండెల్లో ఈ ముక్క మామూలు కన్నా ఎక్కువ. తిండి ఎదురుగా ఉన్నా తినలేక ఆ గుండె నీరసించిపోతుంది. దాన్నే పట్టి ఆపే ఇంకో ముక్కను తయారుచేసి ఎలుకలకి ఎక్కించాను. కణాలు సందేశాల్ని మళ్ళీ చదువుకున్నాయి, గుండెలు తేరుకున్నాయి. ఆ ఫలితం చూసే పైవాళ్ళు మా సంస్థకి ఈ పని కోసం కొత్త యూనిట్ మంజూరు చేశారు. దానికి హెడ్ ఎవరని నేను అడగలేదు. అడగాల్సి వస్తుందనుకోలేదు.

ఇవాళ మధ్యాహ్నం, నాకన్నా ఆరేళ్ళు వెనక చేరిన జూనియర్ నా బల్ల దగ్గరికొచ్చాడు. "మేడమ్, మీ ఫ్రీజర్ తాళాలు ఎప్పుడిస్తారు?"

"నా ఫ్రీజర్ తాళాలు నీకెందుకు?"

"యూనిట్ నాకిచ్చారు కదా మేడమ్. మీరు వద్దన్నారటగా. లేకపోతే నేనొప్పుకునేవాణ్ణా? సాయంత్రం పేరు పైకి పంపిస్తారట."

నేను ఎవరితోనూ వద్దనలేదు. అంటే నా తరఫున ఎవరో అన్నారు. నా తరఫున మాట్లాడే మనిషి ఈ భూమ్మీద ఒక్కరే. మా ఆయనా, మా డైరెక్టరుగారూ పొద్దున్నే ఒకే పార్కులో నడుస్తారు. ఫోన్ చేశాను.

"ఓ, అదా. పోయిన వారం అడిగాడు. ఐదేళ్ళ పని, ఊళ్ళు తిరగాలి, మీ ఆవిడకి వీలవుతుందా అని. కుదరదులెండి అన్నాను."

"నన్నొక మాట అడగాల్సింది."

"అడిగితే ఏమంటావో నాకు తెలీదా? అమ్మకలా ఉంది, పిల్లకి పరీక్షలు. ఎలాగూ కాదనేదానివే. ఆ కాదనే బాధేదో నీకెందుకని నేనే పడ్డాను. వచ్చేటప్పుడు అమ్మ మాత్రలు తీసుకురా, అయిపోవచ్చాయి."

మా ఆయన గొంతు పెంచే మనిషి కాదు. పెళ్ళైన పదహారేళ్ళలో ఆయన నన్ను ఒక్కసారి కూడా తిట్టలేదు. అక్క వాళ్ళింటికి వారం రోజులు వెళ్దామనుకుంటే, "దానికి సెలవు దొరకదు వదినగారూ" అని ఆయనే చెప్పేశారు. పక్క దేశంలో సదస్సుకి పిలుపొస్తే, "ఆ చలి నీకు పడదులే" అన్నారు. చలిలో నిలబడి గుండెలు నూరేదాన్ని నేను. కారు నేర్చుకుంటానంటే, "నేనున్నానుగా" అన్నారు. ఏ మాటకామాట విడిగా చూస్తే ప్రేమే. ఎవరికి చెప్పినా అదృష్టవంతురాలివి అంటారు, మా అమ్మ ఇప్పటికీ అంటుంది. గదిలో పెట్టి తాళం వేస్తే తలుపు బాదేదాన్ని. ఆయన తాళం వెయ్యరు. తలుపు దగ్గర నవ్వుతూ నిలబడి, వచ్చినవాళ్ళకి ఆవిడ పడుకుందని చెప్పి పంపించేస్తారు. లోపల నేను మెలకువగా ఉన్నానని ఎవరికి తెలుస్తుంది? కోల్డ్ రూమ్‌లోకి వెళ్ళి ఏడ్చాను. తొడుగులేసుకున్న చేతుల్తో కళ్ళు తుడుచుకోలేక ముక్కు కారుతూ నిలబడితే నా మీద నాకే ఒళ్ళు మండింది.

బయటికొచ్చేసరికి అమ్మాయి స్కూల్ నుంచి క్లాస్ టీచర్ ఫోన్. "ఈత క్యాంప్ ఐదు రోజులండీ, పిల్లలందరూ వెళ్తున్నారు. మీ అమ్మాయి పేరు రాయమంటారా?"

"దానికి కుదరదులెండి" అన్నాను.

ఆలోచించి అన్న మాట కాదు. స్కూలు నుంచి రాగానే నానమ్మ దగ్గర కూర్చునేది అదే. అది లేకపోతే ఆ ఐదు రోజులూ నా సాయంత్రాలేం కావాలి? అందుకని నా నోరు దానంతటది ఆ మాట అనేసింది. అదే మాట, అదే మెత్తదనం, చివర్న ఆ చిన్న నవ్వుతో సహా. నా పదమూడేళ్ళ కూతురికి క్యాంప్ ఉన్న సంగతి కూడా తెలియకుండా పోయేది. సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి.

"టీచర్‌గారూ, ఒక్క నిమిషం. ఆ మాట నాది, దానిది కాదు. దాన్ని పిలిచి అడగండి. వస్తానంటే రాసెయ్యండి."

ఫోన్ పెట్టి, తొడుగులు విప్పి చెత్తడబ్బాలో పడేసి, మేడ మీదికి వెళ్ళాను. డైరెక్టరుగారు టీ తాగుతున్నారు.

"సార్, యూనిట్ నేను తీసుకుంటాను."

ఆయన కప్పు కింద పెట్టారు. "మీవారు వీలుకాదన్నారు కదమ్మా. ఆ అబ్బాయికి చెప్పేశాం కూడాను. పోనీ ఇంట్లో మాట్లాడుకుని రేపు రండి."

"రేపటికి పేరు వెళ్ళిపోతుంది. ఆ పని మొదలుపెట్టింది నేను సార్. వీలవుతుందో లేదో నన్ను ఇవాళ్టిదాకా ఎవరూ అడగలేదు. ఇప్పుడు అడగండి."

"వీలవుతుందామ్మా?" అని అడిగారు, అవుతుందన్నాను. ఆయన గుమాస్తాని పిలిచి పేరు మార్చమన్నారు. కొత్త కాగితం టైపు చేసి, సంతకమై, పైకి వెళ్ళేదాకా నేను ఆ గుమాస్తా కుర్చీ వెనకాలే నిలబడ్డాను. జూనియర్‌కి నేనే చెప్పాను. మొహం చిన్నబుచ్చుకున్నాడు గానీ, తాళాల మాట మళ్ళీ ఎత్తలేదు.

మందుల షాపులో ఉండగా మా ఆయన ఫోన్.

"డైరెక్టర్ చేశాడు. ఒప్పుకున్నావట, మీకు తెలుసా అని నన్నడుగుతున్నాడు."

"పేరు వెళ్ళిపోయిందండీ."

మాత్రల కవరు గట్టిగా పట్టుకున్నాను. క్షమించమనే మాట గొంతుదాకా వచ్చింది, మింగేశాను.

"మరి సాయంత్రాలు అమ్మకి అన్నం ఎవరు పెడతారు? మందులెవరిస్తారు? నేను చూసుకుంటానని అమ్మతో చెప్పేశావా ఏంటి?"

"లేదండీ" అన్నాను. "మీకు కుదురుతుందో కుదరదో మీరే చెప్పండి. మీ తరఫున నేను ఎవరికీ చెప్పను."