పెళ్లి ఫొటోలో నీలం జుట్టు

మార్కాపురంలో డిగ్రీ చదివే సుస్మిత, అక్క స్వర్ణలత పెళ్లికి రెండు రోజుల ముందు జుట్టుకు నెమలి నీలం రంగు వేయించుకుంది. అద్దంలో తన ముఖం తనకే మొదటిసారి ముచ్చటగా కనిపించింది. దర్శి కల్యాణమండపంలో మాత్రం చుట్టాలంతా బుగ్గలు నొక్కుకున్నారు.

కుటుంబమంతా ఫొటోకు నిలబడేసరికి పెదనాయన మాలకొండయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

“ఏందే ఆ నెత్తి? ఓణీ కప్పుకో, లేకుంటే దిగిపో.”

తండ్రి తల వంచుకున్నాడు. సుస్మిత మాత్రం ఊరుకోలేదు.

“నువ్వు నెలనెలా మీసాలకు నల్లరంగు వేయించుకుంటావు గదా పెదనాయనా. అది నీ ఇష్టం, ఇది నా ఇష్టం. నేను కప్పుకోను.”

ఎవరో కిసుక్కున నవ్వారు. మాలకొండయ్య ముఖం కందగడ్డయింది.

“అట్లయితే ఈ ఫొటోలో నేనుండను” అంటూ స్టేజీ దిగిపోయాడు.

“పోయి బతిమాలుకో” అన్నాడు తండ్రి మెల్లగా. సుస్మిత కదల్లేదు. పెళ్లికూతురు ఆమె చెయ్యి పట్టుకుని తన పక్కకు లాక్కుంది.

“తియ్యన్నా ఫొటో” అంది స్వర్ణలత ఫొటోగ్రాఫరుతో.

పెదనాయన లేని ఆ ఫొటోనే ఇప్పుడు సుస్మిత వాళ్ల ఇంటి గోడ మీదుంది. ఆయన ఏడాదిగా సుస్మితతో మాట్లాడడం లేదు. సుస్మిత ఈ మధ్యే ఎరుపుకు మారింది.